బిడ్డ అడిగితే నీళ్ళివ్వండి

మీ ఇంట్లో చంటిపిల్లలున్నారా? ఉంటే ఈ వారం ఈ పేజీని కాస్త తీరిగ్గా చదవండి. లేకపోయినా చదవండి. పక్క వాటాలో ఉంటారు, ఎదురింట్లో ఉంటారు, లేదా రేపు సెలవులకి మనవలు వస్తారు. వానలు మొదలైంది లగాయతు దసరా వెళ్ళేదాకా మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఏ ఆసుపత్రి వరండాలో నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది: "రాత్రి నుంచి విరోచనాలు బాబూ, ఆగటం లేదు."

ఆగటం లేదు! తల్లి భయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. గోలీ వేసో, సూది పొడిచో, ఎలాగైనా సరే ఆపమంటుంది. ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా సర్కారు కొలువులో ఉండి ఈ మాట వింటున్న వాణ్ణి. నేను మీకు చెప్పదలచింది ఒక్కటే. ఈ జబ్బులో మనం భయపడవలసింది విరేచనం ఆగనందుకు కాదు, ఒంట్లోంచి పోయిన నీళ్ళు తిరిగి చేరనందుకు. ఈ తేడా తెలియక మా ఇంట్లోనే ఒక ప్రాణం పోయింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత వైద్యం చెబుతాను.

మా ఇంటి సంగతి

1977వ సంవత్సరం. నాకప్పుడు ఏడేళ్ళు. నాగావళి ఒడ్డున మాదొక పల్లె. శ్రీకాకుళం పట్నానికి ఎడ్లబండి మీద వెళ్ళాలి. నాకొక తమ్ముడుండేవాడు. రెండో ఏడు నడుస్తోంది. ఏటికి కొత్త నీరు వచ్చిన రోజులు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి అప్పటికే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక తెల్లవారుజామున వాడికీ మొదలయ్యాయి.

మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, ఇంటికి పెద్ద. పదిమంది పిల్లల్ని కని, ఆరుగురిని పెంచి పెద్దచేసిన మనిషి. ఆవిడ మాటకి ఎదురు లేదు. "గొంతు తడపకండి. నీళ్ళు పడ్డకొద్దీ మరీ పోతాది. కడుపు ఎండితే అదే కట్టుకుంటాది" అంది. లంఖణం పరమౌషధమని ఆవిడ నమ్మకం. ఆవిడ తల్లి ఆవిడకు నేర్పింది అదే. అమ్మ పాలివ్వటం కూడా మాన్పించారు.

మధ్యాహ్నం నేను అన్నం తిని గ్లాసుతో నీళ్ళు తాగుతున్నాను. చాపమీద పడుకున్న తమ్ముడు నా చేతిలోని గ్లాసు వంక చూశాడు. "నీలు" అన్నాడు. వాడికి వచ్చిన పదో పదిహేనో మాటల్లో అదొకటి. నేను వాడి దగ్గరికి వెళ్ళబోయాను. మామ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని అవతల పెట్టేసింది. వాడు మళ్ళీ రెండుసార్లు అడిగాడు.

సాయంత్రానికి వాడు ఏడవటం మానేశాడు. "అమ్మయ్య, నిమ్మళించాడు" అనుకున్నారు ఇంట్లో. ఏడ్చే శక్తి పోయిందని ఎవరికీ తెలియదు. ఏడ్చినా కంట నీరు రావటం లేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. రాత్రికి కళ్ళు లోపలికి పోయాయి. తెల్లవారకముందే బండి కట్టారు. పట్నం పొలిమేర చేరకముందే అమ్మ బండి ఆపమంది.

ఇందులో మామ్మను తప్పుపట్టడానికి ఇది రాయటం లేదు. వాడంటే ఆవిడకు ప్రాణం. వాడు బతకాలనే నీళ్ళు ఇవ్వనివ్వలేదు. ఆ తర్వాత పదేళ్ళు బతికింది గాని, ఆ రోజు ఊసు ఎన్నడూ ఎత్తలేదు. ప్రేమ ఉండి, తెలిసినది తప్పయితే ఏమవుతుందో మా ఇల్లు చూసింది. అందుకే మీతో ఇంత ఇదిగా చెబుతున్నాను.

కడుపు ఎండగడితే ఏమవుతుంది?

పసిపిల్లల బరువులో సగానికి మించి నీరే. అయితే మొత్తం మనిషే పది కిలోలు ఉంటాడు గనుక, వాడి దగ్గరున్న నిల్వ చాలా తక్కువ. పెద్దవాడికి పది విరేచనాలైతే నీరసం వస్తుంది. రెండేళ్ళవాడికి అవే పది విరేచనాలైతే ప్రాణం మీదికి వస్తుంది. పోయేది నీరొక్కటే కాదు, దానితోపాటు సోడియం, పొటాషియం అనే లవణాలు కూడా పోతాయి. నీరు తగ్గేకొద్దీ రక్తం తగ్గుతుంది, నాడి బలహీనమవుతుంది, మూత్రం బందవుతుంది, చివరకు స్మారకం పోతుంది. విరేచనాల వల్ల పోయే ప్రాణాల్లో ఎక్కువ ఈ దారినే పోతాయి.

"నీళ్ళిస్తే ఇంకా అవుతున్నాయి కదండీ?" అని అడుగుతారు. నీళ్ళివ్వకపోయినా అవుతాయి. పేగుల్లో చేరిన సూక్ష్మజీవిని తోసెయ్యటానికి శరీరం చేసే ప్రయత్నం అది. పిల్లల్లో చాలావరకు వైరస్‌ల వల్ల వస్తుంది. నాలుగు రోజులకో వారానికో దానంతటదే సర్దుకుంటుంది. ఆ వారం రోజులూ బిడ్డను ఎండిపోకుండా కాపాడుకోవటమే మన పని. తొట్టికి చిల్లు పడిందని పైనుంచి నీళ్ళు పోయటం మానేస్తే తొట్టి ఖాళీ అవుతుంది గాని, చిల్లు పూడదు.

అయితే ఒట్టి నీళ్ళు చాలవు. ఒట్టి ఉప్పు నీళ్ళూ చాలవు. జబ్బుపడిన పేగు వాటిని సరిగా పీల్చుకోలేదు. ఇక్కడే ఒక చక్కని కిటుకు ఉంది. బ్యాంకులో లాకరు తెరవాలంటే మన తాళంచెవీ, బ్యాంకువారి తాళంచెవీ రెండూ పడాలి గదా! పేగు గోడలో కూడా అటువంటి ద్వారం ఒకటుంది. చక్కెర, ఉప్పు రెండూ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది. అవి లోపలికి వెళుతూ తమ వెంట నీటిని కూడా లాక్కుపోతాయి. విరేచనాలు అవుతున్నా ఈ ద్వారం మట్టుకు పనిచేస్తూనే ఉంటుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు 1960లో ఈ సంగతి ప్రతిపాదించాడు.

దాని విలువ లోకానికి తెలిసింది మన దేశంలోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనోబిస్ గ్లూకోజు, ఉప్పు, తినేసోడా కొలతప్రకారం నీళ్ళలో కలిపించి డ్రమ్ముల్లో నింపి ఉంచారు. రోగుల బంధువులే తలా ఒక గ్లాసు పట్టుకుని తాగించారు. నూటికి పాతిక, ముప్ఫై వరకూ ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. 1971 అంటే మా తమ్ముడు పోవటానికి ఆరేళ్ళ ముందు. ఆ వార్త బన్‌గావ్ నుంచి మా నాగావళి ఒడ్డుకు అప్పటికింకా రాలేదు.

నా గొప్పతనం బయటపడిన రాత్రి

విశాఖపట్నంలో వైద్యం చదివేటప్పుడు ఇదంతా నేర్చుకున్నాను. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. అయినా కొలువులో చేరాక నేను చేసిందేమిటి? సెలైన్ ఎక్కించటం! సీసా వేలాడదీస్తేనే వైద్యమని జనం అనుకుంటారు. ప్యాకెట్ ఇచ్చి "కలిపి పట్టమ్మా" అంటే చిన్నబుచ్చుకుంటారు. జనం ఏమనుకుంటారో అన్నదానికి కుర్ర డాక్టరుగా నేనూ లొంగిపోయాను.

1997లో పార్వతీపురం దగ్గర కొండ ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. వానాకాలం, ఒకే రోజు ఎనిమిది మంది వచ్చారు. ఉన్న సీసాలన్నీ పెట్టేశాను. చీకటిపడ్డాక ఒక తల్లి మూడేళ్ళ ఆడపిల్లను ఎత్తుకుని ఆరు మైళ్ళు నడిచి వచ్చింది. పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి. మగతగా ఉంది గాని, చెంచా నోటికి అందిస్తే ఆబగా తాగుతోంది. సీసా లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సెలైన్ కోసం జీపును పార్వతీపురం తోలాను. వాగులు పొంగుతున్నాయి. అది ఎప్పుడొస్తుందో తెలియదు. గేటు దగ్గర నిలబడి దారి చూస్తూ ఉండిపోయాను.

మా ఆయా పెద్దగా చదువుకోని మనిషి. "జీపు వచ్చినప్పుడు వస్తాది డాట్రుబాబూ, ఈలోగా నాను పట్టిస్తాను, ఏటవుతాదో సూద్దుం" అని, అలమారలో దుమ్ముపట్టి ఉన్న ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ చింపి, చెంబుడు నీళ్ళలో కలిపి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెంచా తరవాత చెంచా పట్టించింది. పిల్ల ఒకసారి వాంతి చేసుకుంది. ఆయా పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టింది. నాలుగు గంటలు అలాగే కూర్చుంది. జీపు తిరిగి వచ్చేసరికి పిల్ల తల్లి ఒడి తడిపింది. ఆ తడిసిన చీర చూసి ఆయా నవ్వింది. ఎందుకంటే మూత్రం వచ్చిందంటే నీరు నిలిచిందన్నమాట.

ఆ రాత్రి తెచ్చిన సీసా విప్పవలసిన పని పడలేదు. అలమారలో మందు పెట్టుకుని, రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాను నేను. మా మామ్మకు తెలియక ఇవ్వలేదు, నాకు తెలిసీ చేయి రాలేదు. అప్పటినుంచి సీసా అడిగే తల్లులతో ఓపికగా మాట్లాడటం నేర్చుకున్నాను. స్పృహ తప్పినవారికి, బొత్తిగా తాగలేనివారికి, నాడి అందనివారికి సెలైన్ తప్పనిసరి. అది ప్రాణదాత. కాని తాగగలిగిన బిడ్డకు నోరే దగ్గరి దారి.

ఎలా కలపాలి?

మొదటి నీళ్ళ విరేచనం అయిన వెంటనే మొదలుపెట్టండి. మూడో నాలుగో అయ్యేదాకా చూద్దామని ఆగకండి.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద ప్యాకెట్‌లో సుమారు ఇరవై గ్రాముల పొడి ఉంటుంది. అది సరిగ్గా 1 లీటరు నీటికి. గ్లాసుడు నీళ్ళకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా ఉన్నాయి. కనుక ఎన్ని నీళ్ళో అట్ట మీద చదివి కలపండి. సగం ప్యాకెట్ ఇప్పుడు, సగం రేపు అనే పొదుపు వద్దు. కాచి చల్లార్చిన నీటిలో మొత్తం పొడి ఒకేసారి కలపండి. కలిపాక మళ్ళీ కాచవద్దు. పాలు, హార్లిక్స్, పండ్లరసం వంటివి అందులో చేర్చవద్దు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపండి.

అర్ధరాత్రి వేళ ప్యాకెట్ దొరకలేదు. అప్పుడేం చేయాలి? వంటింట్లోకి వెళ్ళండి. 1 లీటరు మంచినీళ్ళు, తలగొట్టిన చిన్న చెంచాతో 6 చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు. అంతే. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, పంచదార ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. కాబట్టి పిడికిలి లెక్కలు వద్దు. బిడ్డకు పట్టేముందు మీరొక చుక్క నాలుక మీద వేసుకోండి. కన్నీటికంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి.

ఎంత ఇవ్వాలి?

రెండు నెలలు దాటి రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ పావుకప్పు నుంచి అరకప్పు, అంటే 50 నుంచి 100 మిల్లీలీటర్లు. రెండేళ్ళు పైబడినవారికి అరకప్పు నుంచి కప్పు. పెద్దలకు దాహం తీరేదాకా. పసివాళ్ళకు చెంచాతో, ఒకటి రెండు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టండి. పాలసీసాలో పోసి గటగటా తాగిస్తే వాంతి అవుతుంది. వాంతి అయిందని మానెయ్యకండి. పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా పట్టండి.

ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు?

తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకండి. మామూలుకంటే ఎక్కువసార్లు ఇవ్వండి. అన్నం తినే పిల్లలకు పథ్యం పేరుతో పస్తు పెట్టవద్దు. మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, పెరుగు, అరటిపండు, ఇడ్లీ కొద్దికొద్దిగా రోజుకు ఐదారు సార్లు పెట్టండి. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ, చోడి అంబలి, సగ్గుబియ్యం జావ, కొబ్బరినీళ్ళు అన్నీ మంచివే. తగ్గిన తరవాత రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా తినిపించండి. లేకపోతే జబ్బు పోయినా బిడ్డ చిక్కిపోతుంది. చిక్కిన బిడ్డకు మళ్ళీ త్వరగా జబ్బు చేస్తుంది.

కూల్‌డ్రింకులు, పండ్లరసాల డబ్బాలు వద్దు. వాటిలో పంచదార చాలా ఎక్కువ. అది పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. కొన్నేళ్ళుగా ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు అచ్చువేసుకుని తియ్యటి పానీయాలు అట్టడబ్బాల్లో అమ్ముడుపోయాయి. మా ఓ.పి.లో ఎందరో తల్లులు అవి తాగించి, "ఓ.ఆర్.ఎస్. పట్టాం బాబూ, తగ్గలేదు" అని వచ్చేవారు. పాపం, వాళ్ళ తప్పేముంది? హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఎనిమిదేళ్ళపాటు పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారుకాని పానీయాల మీద ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. అయినా కొనేముందు అట్ట మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ఉందో లేదో చూసుకోవటం మన వంతు.

జింకు బిళ్ళలు మరిచిపోకండి. రెండు నెలల నుంచి ఆరు నెలల వరకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటి ఐదేళ్ళ వరకు 20 మిల్లీగ్రాములు. చెంచాడు తల్లిపాలలో గాని, కాచి చల్లార్చిన నీళ్ళలో గాని కరిగించి 14 రోజులు ఇవ్వాలి. మూడో రోజుకు విరేచనాలు ఆగినా 14 రోజులూ ఇవ్వండి. పేగు బాగుపడుతుంది, మళ్ళీ రాకుండా కొంత కాపుదల ఉంటుంది.

ఇక విరేచనాలు కట్టేసే గోలీలు పిల్లలకు వెయ్యనే వద్దు. పేగు కదలిక ఆగి కడుపు ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. యాంటీబయాటిక్ మందులు రక్తవిరేచనాలకు, కలరాకు, మరి కొన్నిటికే అవసరం. ఆ సంగతి డాక్టరు తేల్చాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

పెద్దవాళ్ళ సంగతి కూడా ఒక మాట. చక్కెర జబ్బు ఉందని విరేచనాలప్పుడు ఓ.ఆర్.ఎస్. మానవద్దు. కాని చక్కెరకూ రక్తపోటుకూ వాడే బిళ్ళల్లో కొన్ని ఆ రెండు మూడు రోజులూ ఆపవలసి ఉంటుంది, డాక్టర్ని అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఒళ్ళు నొప్పుల బిళ్ళలు మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మా ఉద్దానం వైపు మూత్రపిండాల జబ్బుతో ఉన్నవారు ఎందరో ఉన్నారు. అటువంటివారు ఎంత నీరు తాగాలో, ఏ మందు వాడాలో సొంతంగా నిర్ణయించుకోకుండా మొదటి రోజే ఆసుపత్రికి రావాలి.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఇంటి వైద్యం చాలని గుర్తులు కొన్ని ఉన్నాయి. బిడ్డ మగతగా పడుకుని లేపినా లేవకపోవటం, తాగలేకపోవటం, తాగినదంతా వాంతి చేసుకోవటం, కళ్ళు గుంటలు పడటం, ఏడ్చినా కన్నీరు రాకపోవటం, ఆరు గంటలపాటు మూత్రం పోయకపోవటం, మలంలో రక్తం, తీవ్రమైన జ్వరం. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే మడత వెంటనే పోకుండా నిలిచిపోవటం మరో గుర్తు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేయండి. రెండు నెలల లోపు పసికందుకు విరేచనాలైతే ఏ గుర్తు కోసమూ చూడకుండా వెంటనే తీసుకురండి. బిడ్డకు మెలకువ ఉండి మింగగలిగితే దారి పొడుగునా చెంచాతో పట్టుతూనే రండి. స్పృహలో లేని బిడ్డకు మట్టుకు నోట్లో ఏమీ పోయవద్దు.

ఏడుస్తున్న బిడ్డ కేకలు మానేసి ఊరుకుంటే నిమ్మళించాడనుకోకండి. లేపి చూడండి.

రాకుండా చూసుకోవటం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు దిక్కున తీరం దాటినప్పుడు కొబ్బరితోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. కరెంటు లేక మోటార్లు తిరగక తాగునీటికి జనం అల్లాడారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు వ్యాపించి వందలమంది మంచానపడ్డారు. కొన్ని ప్రాణాలు పోయాయి. పైపులు వేసిన ఊళ్ళలో కూడా, పట్నాల్లో కూడా ఈ ముప్పు ఉందని అందరూ గుర్తించాలి. కొళాయి గొట్టం మురికికాలువలోంచి పోతూ ఎక్కడో పగిలితే, నీళ్ళు ఆగిన వేళ ఆ మురుగు గొట్టంలోకి పీల్చుకుపోతుంది. మళ్ళీ కొళాయి వదిలినప్పుడు మొదట వచ్చేది అదే. మీ వీధిలో అటువంటి గొట్టం ఉంటే నలుగురూ కలిసి పంచాయతీకో, మునిసిపాలిటీకో రాసి ఇవ్వండి. బాగయ్యేదాకా వదలకండి.

ఇంట్లో చేయగలిగినవి కష్టమైనవేమీ కావు. వానాకాలంలో తాగే నీళ్ళు తెర్లేదాకా కాచి, ఒక నిమిషం మరగనిచ్చి దించండి. కాచటం కుదరకపోతే క్లోరిన్ బిళ్ళ అట్ట మీద చెప్పిన లెక్కన వేసి అరగంట ఆగి తాగండి. బిందెలో గ్లాసు ముంచటం, దానితో చేతివేళ్ళు ముంచటం మన ఇళ్ళలో పెద్ద దోషం. పొడుగు కాడ ఉన్న గరిటె గాని, కొళాయి బిగించిన డబ్బా గాని పెట్టుకోండి. దొడ్డికి వెళ్ళి వచ్చాక, పిల్లల ముడ్డి కడిగాక, వంటకు ముందు, అన్నం కలిపి పెట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ ఒక్క అలవాటే విరేచనాలను సుమారు మూడోవంతు తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. పసిపిల్లల మలం ఏమీ చెయ్యదనుకుని పెరట్లో పారెయ్యకండి, మరుగుదొడ్డిలోనే వెయ్యండి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదు.

రోటా వైరస్ టీకా చుక్కలు 6, 10, 14 వారాల వయసులో నోట్లో వేస్తారు. ప్రభుత్వం 2016లో దేశంలో మొట్టమొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉచితం. పిల్లల్లో ప్రమాదకరమైన విరేచనాలకు ముఖ్య కారణమైన వైరస్ నుంచి ఇది కాపాడుతుంది. మీ బిడ్డ టీకా కార్డు ఒకసారి తీసి చూడండి.

చివరగా

మా అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. నా దగ్గరే ఉంటుంది. పోయిన వానాకాలంలో నా మనవడికి, అంటే ఆవిడ మునిమనవడికి, విరేచనాలు పట్టుకున్నాయి. నేను ఆసుపత్రిలో ఉన్నాను. కోడలు ఫోను చేస్తే కంగారుగా ఇంటికి వచ్చాను. వచ్చేసరికి వాడు అమ్మ ఒళ్ళో ఉన్నాడు. పక్కన లీటరు సీసా, చిన్న గిన్నె, చెంచా ఉన్నాయి. వంటింట్లో ఉప్పు జాడీ వెనకాల అమ్మ ఎన్నాళ్ళనుంచో రెండు ప్యాకెట్లు దాచి ఉంచుతోందట. నాకా సంగతి తెలియదు. "పొద్దున్నించి రెండుసార్లు ఒంటికి పోశాడు, ఫరవాలేదు" అంది. మరేమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. చెంచా అందుకుని కాసేపు నేను పట్టించాను.

మీరు కూడా ఈ పుస్తకం పక్కన పెట్టి, ఒకసారి లేచి వంటింట్లోకి వెళ్ళి చూడండి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు రెండు ఉన్నాయా? ఉంటే గడువు తేదీ చూసి, రాత్రి చీకట్లో కూడా చేతికందే చోట పెట్టండి. లేకపోతే రేపు పొద్దున్నే తెప్పించండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ పేజీ చదివి వినిపించండి. విరేచనాలతో ఉన్న బిడ్డ నీళ్ళడిగితే కాదనవద్దని వారితో ఒక మాట అనిపించుకోండి.